అమెరికా అధ్యక్ష అభ్యర్థి నామినేషన్ ప్రసంగం చూసినవాళ్ళకి నిజంగా ఎలా అనిపించింది? ఇంట్లోనే తెలుసుకునే పద్ధతి

నాలుగేళ్ళకోసారి కన్వెన్షన్లు, అంటే పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఖాయం చేసే సభలు, అయ్యేసరికి నాకు ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "నిన్న రాత్రి స్పీచ్ చూశాం, మాకు బాగానే అనిపించింది, పొద్దున లేచి చూస్తే సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది అట్టర్ ఫ్లాప్ అంటున్నారు, అసలు చూసినవాళ్ళకి ఎలా అనిపించిందో ఎట్లా తెలుస్తుంది?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కుదరట్లేదు కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను డాలస్ దగ్గర ఉంటాను. 2016 నుంచి మూడు ఎన్నికలకి, రెండు పార్టీల ప్రసంగాలకీ, తెలిసినవాళ్ళని పది పన్నెండు మందిని కూర్చోబెట్టి ఈ పని చేస్తున్నాను. 2020లో కోవిడ్ వల్ల ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని చేశాం. ఇన్నిసార్లు చేశాక నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, పక్కవాళ్ళ మాట, టీవీలో విశ్లేషకుల మాట చెవిన పడకముందు మనిషికి ఏమనిపించిందో అదే అసలు స్పందన. ఆ తర్వాత వచ్చేది చర్చ. చర్చ కూడా కావాల్సిందే, కానీ రెండూ కలిసిపోతే మళ్ళీ విడదీయలేం. కింద రాసినదంతా ఆ మొదటిదాన్ని, అది పోకముందే, కాగితం మీద పట్టుకోవడానికే.

కావలసినవి

ఎనిమిది నుంచి పన్నెండు మంది మనుషులు. తక్కువైనా ఫర్వాలేదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

మనిషికి మూడు చీటీలు: ప్రసంగానికి ముందు ఒకటి, ప్రసంగం నడుస్తుండగా ఒకటి, అయిపోయాక ఒకటి. మూడూ మూడు రంగులైతే తర్వాత ఏరుకోవడం తేలిక. మూడింటి మీదా పేరు బదులు ఒకే నంబరు వేయించండి.

ప్రతి ఒక్కరికీ సొంత పెన్ను. ఇది చిన్న విషయం అనుకోకండి, ఇద్దరికి ఒక పెన్ను ఇస్తే ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చూస్తారు.

అందరికీ కనిపించేలా ఒక గడియారం. చీటీలు వేయడానికి మూత ఉన్న డబ్బా, ఖాళీ స్వీట్ డబ్బా అయినా సరే.

మధ్యలో వ్యాఖ్యానం లేని ప్రసారం. అమెరికాలో సీ-స్పాన్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది, అక్కడ వేదిక మీద జరిగేది జరిగినట్టు చూపిస్తారు తప్ప యాంకర్లు మధ్యలో మాట్లాడరు.

భోజనాలు ముందే అయిపోవాలి. 2016లో మా ఇంట్లో ట్రంప్ ప్రసంగం నలభయ్యో నిమిషంలో ప్లేట్లు చేతికొచ్చాయి. ఆ ప్రసంగం 75 నిమిషాలు నడిచింది. రెండో సగానికి మా చీటీల్లో ఎనిమిది ఖాళీగా మిగిలాయి, ఆ రాత్రి లెక్క ఇప్పటికీ సగమే ఉంది నా దగ్గర.

1. తేదీ, టైము ముందే తేల్చుకోండి

అభ్యర్థి నామినేషన్ స్వీకరించే ప్రసంగం కన్వెన్షన్ ఆఖరి రోజు రాత్రి ఉంటుంది, ఇది మామూలుగా గురువారం. వైట్‌హౌస్‌లో లేని పార్టీ ముందు, ఉన్న పార్టీ తర్వాత కన్వెన్షన్ పెట్టుకోవడం ఆనవాయితీ. 2024లో రిపబ్లికన్లు జులై 15 నుంచి 18 వరకు మిల్వాకీలో, డెమొక్రాట్లు ఆగస్టు 19 నుంచి 22 వరకు చికాగోలో పెట్టారు.

ప్రసంగం ఈస్టర్న్ టైము (న్యూయార్క్ టైము) రాత్రి పది, పదిన్నర మధ్య మొదలవుతుందని లెక్క వేసుకోండి. ఇండియాలో అది మర్నాడు ఉదయం ఏడున్నర, ఎనిమిది. అంటే విజయవాడలోనో వరంగల్‌లోనో చూసేవాళ్ళకి ఆఫీసుకి బయల్దేరే టైము, పిల్లల బస్సు టైము. అందుకే అక్కడివాళ్ళు చాలామంది ప్రసంగం కాకుండా క్లిప్పులే చూస్తారు. క్లిప్పు చూసినవాళ్ళని "ప్రసంగం చూసినవాళ్ళు" అనే లెక్కలో కలపకండి.

టైము ఎంత ముఖ్యమో 1972 చెప్తుంది. డెమొక్రాట్ల అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ మయామీ బీచ్‌లో మాట్లాడటానికి లేచేసరికి తెల్లవారుజామున మూడు కావస్తోంది. తూర్పు రాష్ట్రాల జనం ఎప్పుడో పడుకున్నారు. ప్రసంగం ఎంత బాగున్నా చూసేవాళ్ళు లేకపోతే స్పందన ఎక్కడి నుంచి వస్తుంది?

2. మనుషులని ఎంచుకోండి, ముందు చీటీ రాయించండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళని పిలిస్తే మీకు తెలిసేది మీ గ్రూపు ఏ పార్టీ వైపు ఉందో, అంతే. రెండు వైపులవాళ్ళూ ఉండాలి, ఇంకా ఏమీ తేల్చుకోనివాళ్ళు కనీసం ముగ్గురు ఉండాలి. వాళ్ళు దొరకడం కష్టం, రాజకీయాలంటే ఆసక్తి లేని పక్కింటివాళ్ళని బతిమాలైనా తీసుకురండి.

ప్రసంగానికి అరగంట ముందు మొదటి చీటీ మీద మూడే ప్రశ్నలు:

ఈ అభ్యర్థి మీద మీ అభిప్రాయం 0 నుంచి 10 వరకు ఎంత?
మీకు అన్నిటికన్నా ముఖ్యమైన ఒక్క విషయం ఏది? ధరలు, ఇమిగ్రేషన్, గర్భస్రావం హక్కు, యుద్ధాలు, ఏదైనా సరే.
ఇక్కడ మీకు ఓటుందా?

మూడో ప్రశ్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో తప్పకుండా కావాలి. ఒకే సోఫాలో సిటిజన్ ఉంటారు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో ఉన్న హెచ్-1బీ వాళ్ళు ఉంటారు, వీసా మీద మనవళ్ళని చూడటానికొచ్చిన అమ్మానాన్నలు ఉంటారు. ఇమిగ్రేషన్ మాట వచ్చినప్పుడు ఈ ముగ్గురూ ఒకేలా వినరు. ముగ్గురి స్పందనా విలువైనదే, కానీ ఓటు వేసేది ఒక్కరు. విడివిడిగా రాసుకుంటే తర్వాత విడివిడిగా చూడొచ్చు.

జాగ్రత్త: చీటీ ఎవరికీ చూపించాల్సిన పని లేదని ముందే చెప్పండి, అలాగే ఇష్టం లేనివాళ్ళని బలవంతం చేయకండి. బలవంతం మీద రాసిన చీటీ ఇంటివాళ్ళని మెప్పించడానికి రాసిందే అవుతుంది.

3. ప్రసారం పెట్టండి, హాల్లో చప్పట్లని లెక్కలోకి తీసుకోకండి

హాల్లో కూర్చున్నవాళ్ళు పార్టీ డెలిగేట్లు, కార్యకర్తలు. తమ అభ్యర్థి తుమ్మినా చప్పట్లు కొట్టడానికి వచ్చినవాళ్ళు. ఇంట్లో చూసేవాళ్ళకి ఆ గోల అంటుకుంటుంది, అది సహజం, దాన్ని ఆపలేం. కానీ "జనం లేచి నిలబడ్డారు కాబట్టి బాగుంది" అని మీరు రాసుకోకండి.

2020 ఇందుకు మంచి పాఠం. ఆగస్టు 20న జో బైడెన్ డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో, ఎదురుగా జనం లేని హాల్లో, కెమెరా వైపు చూసి మాట్లాడారు. వారం తర్వాత ట్రంప్ వైట్‌హౌస్ సౌత్ లాన్‌లో కూర్చున్న జనం ముందు 70 నిమిషాలు మాట్లాడారు. బైడెన్ అప్పుడు మావాళ్ళ చీటీల్లో "నాతోనే మాట్లాడినట్టుంది" అనే మాట ముగ్గురు రాశారు, ముగ్గురూ వేరే వేరే ఇళ్ళలో ఉన్నారు. చప్పట్లు లేనప్పుడు మాట ఒంటరిగా ఎలా వినపడుతుందో ఆ రోజు నాకు అర్థమైంది.

4. ప్రసంగం నడుస్తుండగా: ఐదు నిమిషాలకొక గుర్తు

రెండో చీటీ మీద ముందే టైములు వేసి ఉంచండి, ఐదేసి నిమిషాల తేడాతో, గంటన్నరకి సరిపడా. ప్రతి గడిలో ప్లస్, మైనస్, సున్నా, ఏదో ఒకటి. పక్కన వీలైతే రెండు మూడు మాటలు. మాట్లాడుకోకూడదు, ఫోను పక్క గదిలో పెట్టాలి.

టీవీ వాళ్ళు, సర్వేల వాళ్ళు ఇదే పని డయల్‌తో చేస్తారు. మనిషి చేతిలో తిప్పే మీట ఒకటి ఉంటుంది, నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి. దాని లెక్కే తెర కింద గీతలా కదులుతుంది. మన చీటీ దానికి పేద చుట్టమే, అయినా పని చేస్తుంది.

ఎందుకు పని చేస్తుందో 2024 జులై 18 చీటీ ఒకటి చూపిస్తాను. పెన్సిల్వేనియాలోని బట్లర్ సభలో ట్రంప్ మీద కాల్పులు జరిగి ఐదు రోజులే అయింది, ట్రంప్ చెవికి కట్టుతో వచ్చారు, మా సెంట్రల్ టైము తొమ్మిదిన్నర దాటింది. ఎటూ తేల్చుకోని ఒకావిడ చీటీ ఇది:

9:40 ప్లస్. నెమ్మదిగా మాట్లాడుతున్నాడు
9:45 ప్లస్. తూటా సంగతి, చార్ట్ వైపు తల తిప్పడం
9:50 ప్లస్. ఫైర్‌మన్ హెల్మెట్
9:55 ప్లస్
10:00 సున్నా
10:10 సున్నా. మళ్ళీ పాత మీటింగుల్లాగే
10:25 మైనస్
10:40 మైనస్. ఎప్పుడైపోతుంది
10:55 ఏమీ రాయలేదు

ఆ హెల్మెట్ బట్లర్‌లో తూటా తగిలి చనిపోయిన మాజీ ఫైర్ చీఫ్ కోరీ కంపరటోర్‌ది, వేదిక మీద ఆయన కోటు పక్కన పెట్టారు, ట్రంప్ దగ్గరికెళ్ళి దాన్ని ముద్దుపెట్టుకున్నారు. ఆ క్షణంలో మా గదిలో ఆయనంటే పడనివాళ్ళు కూడా ప్లస్ వేశారు. ఆ ప్రసంగం దాదాపు 92 నిమిషాలు సాగింది, లెక్కలున్న నామినేషన్ ప్రసంగాల్లో అంతకన్నా పొడవైనది లేదు. మర్నాడు ఆవిణ్ణి "ఎలా ఉంది?" అని అడిగితే "బోర్ కొట్టింది" అంది, ఒక్క ముక్కలో. చీటీ లేకపోతే ఆ మొదటి ఇరవై నిమిషాలు ఆవిడకి కూడా గుర్తుండేవి కాదు.

పొరపాటు: ప్రతి వాక్యానికీ గుర్తు వేయమని అడగకండి. మనుషులు వినడం మానేసి గుర్తులు వేస్తారు. మొదటిసారి నేను నిమిషానికి ఒకటి పెట్టాను, పావుగంటకి అందరూ వదిలేశారు.

5. అయిపోగానే టీవీ మ్యూట్

హాల్లో పైనుంచి బెలూన్లు పడటం మొదలవ్వగానే రిమోట్ మీ చేతిలో ఉండాలి. కుటుంబం వేదిక మీదికి వస్తుంది, పాట వస్తుంది, అది చూస్తూ కూర్చోండి, కానీ శబ్దం వద్దు. ఐదు నిమిషాల్లో మూడో చీటీ రాసి డబ్బాలో వేసేయాలి. డబ్బా మూత పడేదాకా ఎవరూ ఒక్క మాట అనకూడదు.

మన ఇళ్ళలో ఈ నియమం రెండింతలు గట్టిగా పెట్టాలి. మామగారు "ఆహా" అంటే కోడలు దానికి ఎదురు రాయదు. గదిలో అందరికన్నా పెద్దాయన, లేదా రాజకీయాలు బాగా తెలుసని పేరున్న అన్నయ్య, ముందు నోరు తెరిస్తే మిగతా పది చీటీలూ ఆయన చీటీకి నకళ్ళే. ఇంకా కచ్చితంగా కావాలంటే ఆయనకి ముందే చెప్పండి, "మామయ్యగారూ, మీ మాట అందరూ వింటారు కాబట్టి మీరు ఆఖర్న చెప్పండి" అని. గౌరవంగా చెప్తే ఎవరూ కాదనరు. మా మామగారైతే అప్పటి నుంచి చీటీ నాలుగు మడతలు పెట్టి, అందరూ వేశాక లేచి వెళ్ళి డబ్బాలో వేస్తారు.

మూడో చీటీ ప్రశ్నలు:

చెప్పిన తీరు ఎలా ఉంది?
చెప్పిన విషయం ఎలా ఉంది?
(రెండింటికీ ఐదు జవాబులు: చాలా బాగుంది, బాగుంది, మామూలుగా ఉంది, బాగాలేదు, అస్సలు బాగాలేదు)
అభ్యర్థి మీద మీ అభిప్రాయం ఇప్పుడు 0 నుంచి 10 వరకు ఎంత?
గుర్తున్న ఒక్క మాట లేదా ఒక్క దృశ్యం, మీ మాటల్లో.
ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు?

తీరునీ విషయాన్నీ విడదీయమని ఎందుకంటున్నానంటే, తెలుగులో "బాగా మాట్లాడాడు" అంటే రెండూ కావచ్చు. "మాట్లాడటం బాగానే మాట్లాడాడు గానీ..." అని మొదలుపెట్టేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఆ "గానీ" తర్వాతదే అసలు స్పందన. ఒక్క గడే ఇస్తే అది పోతుంది.

"ఫర్వాలేదు" అనే జవాబు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఒకళ్ళకి ఫర్వాలేదంటే అనుకున్నదానికన్నా బాగుందని, ఇంకొకళ్ళకి మొహమాటంగా బాగాలేదని. నేను 2016లో పెట్టాను, సగం చీటీలు అదే గడిలో పడ్డాయి, వాటితో ఏమీ చేయలేకపోయాను.

అడిగే తీరు కూడా అంతే. "బాగా మాట్లాడింది కదా?" అని అడిగితే "అవును" తప్ప ఇంకేం వస్తుంది? "ఎంత బాగుంది?" కూడా తప్పే, బాగుందని ముందే మీరే తేల్చేసినట్టు. "ఎలా ఉంది?" చాలు.

6. ఇప్పుడు మాట్లాడుకోనివ్వండి

టీ పెట్టండి. ఎవరేమన్నారో ఒకళ్ళు రాసుకోండి. ఇక్కడ వినాల్సింది ఎవరు గెలిచారన్నది కాదు, ఒకే మాటని ఇద్దరు ఎలా విన్నారన్నది.

2024 ఆగస్టు 22న కమలా హారిస్ ప్రసంగం దాదాపు నలభై నిమిషాలే. వాళ్ళమ్మ శ్యామల 19 ఏళ్ళ వయసులో ఇండియా నుంచి ఒంటరిగా కాలిఫోర్నియాకి వచ్చిందని, రొమ్ము క్యాన్సర్‌కి మందు కనిపెట్టే సైంటిస్టు కావాలని కల కన్నదని చెప్పారు. మా పిన్నికి ఇంగ్లీషు అంతగా అందదు, అయినా ఆ గడిలో పెద్ద ప్లస్ వేసి పక్కన "తల్లి" అని రాసింది. అదే గడిలో అమెరికాలో పుట్టి పెరిగిన మా అన్నయ్యగారి అబ్బాయి సున్నా వేశాడు, "ఇది అందరూ చెప్పే కథే కదా బాబాయ్" అన్నాడు. గాజా గురించి చెప్పినప్పుడు ఇదే అబ్బాయి ఐదు నిమిషాల గడిని మధ్యలో గీత గీసి రెండు చేశాడు: ఇజ్రాయెల్ ఆత్మరక్షణ హక్కు అన్నప్పుడు మైనస్, పాలస్తీనా ప్రజల గౌరవం, స్వేచ్ఛ అన్నప్పుడు ప్లస్. వాడి పక్కన కూర్చున్న వాడి స్నేహితుడు సరిగ్గా తిరగేసి వేశాడు. ఇద్దరి మొత్తం మార్కూ ఒకటే వచ్చింది. మొత్తం మార్కు మాత్రమే చూసుంటే ఇద్దరూ ఒకేలా విన్నారని అనుకునేవాణ్ణి.

తర్జుమా చేసేవాళ్ళ గురించి ఒక మాట. పెద్దవాళ్ళకి పక్కన కూర్చుని తెలుగులో చెప్తుంటారు చూడండి, ఆ చెప్పేవాళ్ళ ఇష్టాయిష్టాలు అందులో కలిసిపోతాయి. తప్పదనుకుంటే రెండు ప్రసంగాలకీ ఒక్కరే తర్జుమా చేయాలి, వాళ్ళ సొంత చీటీని లెక్కలోంచి తీసేయాలి.

7. రెండు రోజులాగి ఫోన్ చేయండి

ఒకటే ప్రశ్న: "ఆ ప్రసంగంలో ఇప్పుడేం గుర్తుంది?" జవాబుని మూడో చీటీలో రాసినదాని పక్కన పెట్టండి. అదే మాట అయితే అది నిలబడింది. వేరేది చెప్తే, మధ్యలో టీవీనో క్లిప్పో పని చేసిందని అర్థం.

కొన్ని మాటలు ఏళ్ళ తరబడి నిలబడతాయి, మేలూ చేస్తాయి, కీడూ చేస్తాయి. 1984లో డెమొక్రాట్ల అభ్యర్థి వాల్టర్ మాండేల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పన్నులు పెంచుతానని, అప్పటి అధ్యక్షుడు రీగన్ కూడా పెంచుతాడని, కాకపోతే ఆయన చెప్పడు, నేను చెప్పానని అన్నాడు. హాల్లోవాళ్ళకి ఆ నిజాయితీ నచ్చింది. నవంబరు ఎన్నికలో యాభైలో 49 రాష్ట్రాలు పోయాయి. 1988 ఆగస్టులో న్యూ ఆర్లీన్స్‌లో రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ (సీనియర్) "నా పెదాల వంక చూడండి, కొత్త పన్నులుండవు" అన్నాడు, గెలిచాడు. 1990లో పన్నులు పెంచే ఒప్పందానికి ఒప్పుకున్నాక ప్రత్యర్థులు అదే వాక్యాన్ని 1992లో ఆయన మెడకి కట్టారు.

ఒక్కోసారి గుర్తుండేది అభ్యర్థే కాదు. 2012 ఆగస్టు 30న టాంపాలో రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ ప్రసంగానికి కాస్త ముందు నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ వచ్చి ఖాళీ కుర్చీతో మాట్లాడాడు, అందులో ఒబామా కూర్చున్నట్టు. ఆ రాత్రి గురించి ఇప్పుడు ఎవర్నడిగినా కుర్చీయే చెప్తారు, రామ్నీ ఏమన్నాడో చెప్పేవాళ్ళు అరుదు. కాబట్టి మీ ఫోన్‌లో "ప్రసంగంలో" అని అడగండి, జవాబు ప్రసంగం బయటిది అయితే అలాగే రాసుకోండి, సరిదిద్దకండి.

8. బయటి అంకెలతో పోల్చండి

ఇప్పుడు పేపర్లలో వచ్చే అంకెలు చదవొచ్చు. ఇవి నాలుగు రకాలు, నాలుగూ వేరే వేరే ప్రశ్నలకి జవాబులు, ఇక్కడే అందరూ తడబడతారు.

మొదటిది టీవీ ప్రేక్షకులని లెక్కపెట్టే నీల్సన్ సంస్థ లెక్క. ఎంతమంది టీవీలో చూశారో చెప్తుంది, నచ్చిందో లేదో చెప్పదు. 2008లో ఒబామా డెన్వర్ స్టేడియంలో మాట్లాడితే 3.84 కోట్ల మంది చూశారు, వారం తర్వాత ఆయన ప్రత్యర్థి జాన్ మెకెయిన్‌ని 3.89 కోట్ల మంది చూశారు. ఎన్నికల్లో ఒబామాకి 365 ఎలక్టోరల్ ఓట్లు (గెలుపుని తేల్చే రాష్ట్రాల ఓట్లు), మెకెయిన్‌కి 173. 2024లో ఆఖరి రాత్రి హారిస్‌ది సగటున 2.62 కోట్లు, ట్రంప్‌ది 2.54 కోట్లు, గెలిచింది ట్రంప్. పైగా 2008 నుంచి 2024కి చూసేవాళ్ళు అంతలా తగ్గడానికి టీవీ చూడటమే తగ్గడం ఒక కారణం, ఫోన్లో చూసేవాళ్ళందరూ ఈ లెక్కలోకి రారు.

రెండోది ప్రసంగం అయిన వెంటనే చూసినవాళ్ళని మాత్రమే అడిగే సర్వే. మూడోది దేశంలో అందర్నీ అడిగే సర్వే. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే 2016 ట్రంప్ ప్రసంగం చూడండి. సీఎన్ఎన్ ఆ రాత్రి చూసినవాళ్ళని అడిగితే నూటికి 75 మంది తమ స్పందన సానుకూలం అన్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకి సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ మొత్తం జనాన్ని అడిగితే చాలా బాగుందనో బాగుందనో అన్నవాళ్ళు నూటికి 35. రెండూ నిజాలే. రాత్రి పదిన్నరకి గంటంబావు కూర్చుని ఒక అభ్యర్థి మాట వినేవాళ్ళలో ఆయన అభిమానులు ఎక్కువ ఉంటారు, అంతే సంగతి. ఎవరైనా "75 శాతం మందికి నచ్చింది" అని చెప్తే మీరు అడగాల్సింది ఒక్కటే: ఎవర్ని అడిగారు?

నాలుగోది బౌన్స్, అంటే కన్వెన్షన్ తర్వాత సర్వేల్లో వచ్చే పెరుగుదల. గ్యాలప్ లెక్కల్లో 1992లో బిల్ క్లింటన్‌కి 16 పాయింట్లు వచ్చాయి, కానీ ఆయన ప్రసంగించిన రోజే స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో పోటీ నుంచి తప్పుకున్నాడు, ఆ పదహారులో ప్రసంగానిదెంత, పెరోదెంత అని విడదీయడం ఎవరి వల్లా కాదు. 1988లో డెమొక్రాట్ మైకేల్ డుకాకిస్ కన్వెన్షన్ తర్వాత బుష్ కన్నా 17 పాయింట్లు ముందున్నాడు, నవంబరులో ఓడిపోయాడు. 2004లో జాన్ కెర్రీకి, 2012లో రామ్నీకి ఒక పాయింటు తగ్గింది కూడా. బౌన్స్ చూసి ఎన్నిక ఫలితం చెప్పేవాళ్ళని నమ్మకండి.

ఆన్‌లైన్ కామెంట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను: రాసేవాళ్ళు గట్టిగా నచ్చినవాళ్ళు, అస్సలు నచ్చనివాళ్ళు. మధ్యలోవాళ్ళు రాయరు. గుర్తున్న మాటలు ఏవో చూడటానికి కామెంట్లు పనికొస్తాయి, ఎంతమందికి నచ్చిందో లెక్కపెట్టడానికి పనికిరావు. క్లిప్పు చూసి కోపం వస్తే ప్రసంగ పాఠం తీసి ఆ వాక్యానికి ముందు రెండు, తర్వాత రెండు వాక్యాలు చదవండి.

ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ముందు లెక్క వేసే తీరు. పదిమందిలో ఆరుగురు మొదటి నుంచీ అభ్యర్థి అభిమానులనుకోండి, ఆరుగురూ "చాలా బాగుంది" రాశారనుకోండి. అరవై శాతం అని మురిసిపోకండి. మొదటి చీటీ మార్కు, మూడో చీటీ మార్కు పక్కపక్కన పెట్టి ఎవరి మార్కు కదిలిందో చూడండి. ముందు 3 నుంచి 7 మధ్య వేసినవాళ్ళలో ఎవరు కదిలారు, ఎటు కదిలారు, ఆ కదలిక ఏ గడి దగ్గర మొదలైంది? మీకు కావాల్సిన జవాబు ఇక్కడే ఉంటుంది. ముందు 9 వేసినవాళ్ళు 10 వేస్తే అది వార్త కాదు. ముందు 9 వేసినవాళ్ళు 7కి దిగితే మాత్రం ఆగి చూడండి, వాళ్ళ ఐదో ప్రశ్న జవాబు చదవండి.

రెండో పరీక్ష: గడుల్లోని గుర్తులని ప్రసంగ పాఠంతో కలపండి. చాలామంది ఒకే గడిలో మైనస్ వేస్తే అక్కడ ఏ మాట ఉందో చూడండి. ఏ మాటా కనపడకపోతే అప్పుడు గదిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి, ఎవరి ఫోనో మోగి ఉండొచ్చు, పాప ఏడ్చి ఉండొచ్చు.

మూడోది అన్నిటికన్నా గట్టి పరీక్ష. అవతలి పార్టీ ప్రసంగానికి అవే చీటీలతో, అదే మనుషులతో, అదే గదిలో మళ్ళీ చేయండి. రెండింటి తేడా సరిగ్గా మొదటి చీటీల తేడా అంతే వస్తే మీరు కొలిచింది ప్రసంగాన్ని కాదు, మీ ఇంటి రాజకీయాన్ని. మాకు 2016లో అలాగే వచ్చింది, అందుకే 2020కి సగం మందిని మార్చాను.

చీటీలు విప్పి లెక్క వేసేది గట్టి అభిమానం ఉన్నవాళ్ళు కాకుండా చూసుకోండి. సరిగ్గా కనపడని గుర్తుని తమకిష్టమైన వైపుకే చదువుతారు, కావాలని చేయరు, కన్ను అలా చదువుతుంది. మా ఇంట్లో ఆ పని పన్నెండేళ్ళ మా అమ్మాయిది.

ఇలా కుదరకపోతే

మీరు ఒక్కరే చూస్తుంటే మూడు చీటీలూ మీరే రాయండి, ఫోన్లో నలుగురు స్నేహితులకి అవే ప్రశ్నలు పంపి ప్రసంగం అయిన పది నిమిషాల్లో ఫొటో తీసి మీకు విడిగా పంపమనండి. గ్రూపులో వేయమనకండి, మొదటి ఫొటో చూశాక రెండోవాళ్ళు మారిపోతారు.

ఇండియాలో ఉండి ఉదయం కుదరని వాళ్ళు ఆ రోజు సాయంత్రం రికార్డింగు పెట్టుకోవచ్చు, పగలంతా వార్తలు చూడకుండా ఉండగలిగితే. ఉండలేకపోతే మొదటి చీటీ మీద "వార్త ముందే విన్నాను" అని రాయండి, ఆ చీటీలని వేరే కట్ట కట్టండి. 2024లో జులై 17 రాత్రి రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ మాట్లాడినప్పుడు ఆవిడ పూర్వీకుల ఊరు తణుకు దగ్గరి వడ్లూరు అని అప్పటికే అంతటా వార్తలొచ్చేశాయి. తణుకు వైపు నుంచి నాకు చీటీలు పంపిన నలుగురూ ఆవిడ మాట్లాడకముందే 10 వేసి ఉన్నారు. మన అమ్మాయి అనే అభిమానం అది, దాన్ని తప్పు పట్టను, కానీ అది ప్రసంగం తెచ్చిన స్పందన కాదు కాబట్టి ఆ నాలుగూ పక్కన పెట్టాను.

పిల్లలు ఎక్కువున్న ఇంట్లో గంటన్నర నిశ్శబ్దం అసాధ్యం అనిపిస్తే మొదటి ఇరవై నిమిషాలు, ఆఖరి పదిహేను నిమిషాలు మాత్రమే గుర్తులు వేయించండి. మధ్యభాగం పోతుంది, పోయిందని లెక్క పైన రాసుకోండి.

అంతా అయ్యాక చీటీలు పారేయకండి. కట్ట మీద తేదీ, అభ్యర్థి పేరు, ఎంతమంది, అందులో ఓటున్నవాళ్ళు ఎంతమంది, ఏ ప్రసారం చూశారు, ఇవి ఐదూ రాసి అదే స్వీట్ డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. 2028లో ఖాళీ చీటీలు కోసేటప్పుడు ఆ డబ్బా ముందు దింపుకోండి.